ఎర్ర ఇంటూలు

సెప్టెంబరు 2

ఇవాళ్టి నుంచి ఇందులో రాయాలి. రాయకపోతే వదినతో పోట్లాడతాను. పోట్లాడితే అమ్మ వదిన పక్కన నిలబడుతుంది. అది నేను చూడలేను. అందుకే రాస్తున్నాను.

పైకి చెప్పుకోదగ్గ కారణం ఇంకొకటి ఉంది. ఈ పుప్పొడి రోజుల్లో అమ్మ ఏం తింటోందో, ఎన్ని తుమ్ములు తుమ్ముతోందో రాసి ఉంచమని మా క్లినిక్ డాక్టరుగారు చెప్పారు.

వంటింటి కిటికీ వెనక ఖాళీ స్థలంలో కలుపు నడుమెత్తు పెరిగి పూసింది. పొద్దున్నే కిటికీ గట్టు తుడిస్తే గుడ్డ పచ్చగా అవుతోంది. అమ్మకి లేచీ లేవగానే తుమ్ములు మొదలు. కళ్లు చింతనిప్పుల్లా ఉంటాయి.

“తిండితో అలర్జీ పోదమ్మా, మందు మందే,” అన్నారు డాక్టరుగారు. “కానీ మంచి తిండి తింటే ఒంట్లో రోగనిరోధక శక్తి నిలబడుతుంది, ఈ రెండు నెలలూ తట్టుకుంటారు. ఒక్కటి జాగ్రత్త. ఈ పుప్పొడి పడనివాళ్లలో కొందరికి కర్బూజా, అరటిపండు, దోసకాయ కూడా పడవు. నోరు దురద పెడుతుంది. మీ అమ్మగారికి అవి పెట్టకండి.”

ఆయన చెప్పక్కర్లేదు. బరువు తూచే మిషను పక్కన బల్ల వేసుకుని అందరికీ ఇదే చెప్పడం నా ఉద్యోగం. మా వంశంలో బడి గడప తొక్కిన మొదటిదాన్ని నేను. నాన్న గోదాములో బస్తాలు మోసేవాడు, పోయి ఆరేళ్లయింది. అన్నయ్య బస్సు డిపోలో మెకానిక్కు. అమ్మకీ వదినకీ అక్షరం ముక్క రాదు. అందుకే మూడు రోజులు కూర్చుని బొమ్మల చార్టు చేశాను. కమలా, జామ, పాలకూర, అల్లం, వెల్లుల్లి, పెరుగు, గుమ్మడి గింజలు. వీటి పక్కన ఆకుపచ్చ టిక్కులు. కర్బూజా, అరటి, దోస పక్కన ఎర్ర ఇంటూలు. టిక్కు ఉన్నవి రోజూ తినాలి, ఇంటూ ఉన్నవి ముట్టకూడదు అని కింద రాశాను కూడా. పసిపిల్లకి చూపించినా అర్థమవుతుంది.

అమ్మ ఎర్ర గుర్తుల మీద వేలితో రాసి చూసింది. “ఎంత నిండుగా వేశావే!” అంది.

“ఇక వంటింట్లో నేను బుర్ర పెట్టక్కర్లేదు మరదలా. గోడే చెప్తుంది,” అంది వదిన. వెటకారమో కాదో తెలియలేదు. చార్టుకి టేపు మాత్రం తనే వేసింది. నేను వేస్తే వంకర పోయింది.

సెప్టెంబరు 3

పొద్దున తొమ్మిది తుమ్ములు, సాయంత్రం నాలుగు. మాత్ర వేసుకుంది. ఏం తిందో చూడలేదు, ఏడున్నరకే నా బస్సు. వదినని అడిగితే “చార్టులో ఉన్నవే” అంది.

అమ్మకి వదిన తల దువ్వింది. ఇది ఇక్కడ రాయక్కర్లేదు. తిండికి సంబంధించినది కాదు.

సెప్టెంబరు 5

ఆదివారం. బట్టలు ఉతుకుతుంటే లోపల్నుంచి “అమ్మాయ్!” అని అమ్మ పిలిచింది. సబ్బు చేత్తోనే పరిగెత్తాను.

“నువ్వు కాదే మేడం. అమ్మాయిని పిలిచాను,” అంది.

ఇరవై మూడేళ్లు ఈ ఇంట్లో అమ్మాయిని నేను. ఉద్యోగం వచ్చాక మేడం అయ్యాను. మొదట్లో ముద్దుగా ఉండేది. పెళ్లయి ఏడాదిన్నర కాలేదు, వదిన అమ్మాయి అయిపోయింది. ఆ పేరు నా దగ్గర్నుంచి ఎప్పుడు జారిందో, ఎవరు తీసుకెళ్లి ఆమె కొంగున కట్టారో నాకు తెలియలేదు.

వదిన దర్జీ కొట్టువాళ్ల చొక్కాలకి ఇంట్లోనే కాజాలు కుడుతుంది. అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని గుండీలు రంగుల వారీగా ఏరమంటుంది. అమ్మ తుమ్మితే గుండీలు ఎగిరిపోతాయి.

“అత్తయ్యా, ఆ తుమ్ముకి పక్కింటి గిన్నెలు పడ్డాయి. వెళ్లి క్షమించమని అడిగి రానా?”

“అడిగిరా. వచ్చేటప్పుడు రెండు గిన్నెలు తెచ్చెయ్.”

ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. నేను కూడా నవ్వాను, గుమ్మంలో నిలబడి. ఎవరూ చూడలేదు కాబట్టి ఆపేశాను.

నాకు అసూయ లేదు. ఎవరి చోటు వాళ్లది. అమ్మ ఆరోగ్యం ఒక్కటే నా బాధ.

సెప్టెంబరు 6

నేను తెచ్చిన కమలాపళ్లు బుట్టలో అలాగే ఉన్నాయి.

సెప్టెంబరు 7

అలాగే ఉన్నాయి. ఒకదానికి బూజు పట్టింది. నేను తెచ్చినవి కదా, ఎందుకు పెడుతుంది?

సెప్టెంబరు 8

చెత్తబుట్టలో కర్బూజా తొక్కలు. అడిగాను.

“చార్టు చూశావా వదినా?”

“చూసే పెట్టాను.”

చూసే పెట్టిందట! ఎంత ధీమా! నా మూడు రోజుల పనికి ఇంట్లో దక్కిన మర్యాద ఇది. ఒళ్లు మండిపోయింది కానీ ఒక్క మాట కూడా అనలేదు. అంటే అమ్మ వింటుంది. “వచ్చినప్పట్నుంచీ ఆ పిల్లని సతాయిస్తావెందుకే?” అంటుంది. మాట అనను. ఎంతవరకూ వెళ్తుందో చూస్తాను.

చెప్పులు వేసుకుంటుంటే వదిన వెనకాలే వచ్చింది. “మరదలా, అత్తయ్యకి పెదవులు దురదగా ఉంటోందట. పెట్టనా, మాననా?” అని ఏదో అడిగింది. బస్సు వచ్చేసింది. “అన్నీ నన్నడిగితే ఎలా? చార్టులో ఎలా ఉంటే అలా చెయ్యి,” అని పరిగెత్తాను.

సెప్టెంబరు 9

ఇవాళ పదకొండు మందికి చెప్పాను. పళ్లు, ఆకుకూరలు, పెరుగు, నీళ్లు, నిద్ర. పదకొండు మందీ తల ఊపారు. ఒక రిటైరైన పోస్ట్‌మాస్టరుగారు నేను చెప్పింది చెప్పినట్టు కాగితం మీద ఎక్కించుకున్నారు. “మీ అమ్మగారు అదృష్టవంతురాలమ్మా,” అన్నారు.

ఇంటికొచ్చేసరికి అమ్మ వదిన ఒళ్లో తలపెట్టుకుని పడుకుంది. పక్కన పళ్లెంలో దోసకాయ ముక్కలు.

రాత్రి వంట దగ్గర వదిన మళ్లీ ఆ దురద సంగతి ఎత్తింది. “చార్టు చూసుకో అన్నానా లేదా?” అన్నాను. ఇక ఎత్తలేదు.

సెప్టెంబరు 11

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం అన్నయ్య, వదిన అమ్మని ఆటోలో క్లినిక్‌కి తెచ్చారు. పెదవులు ఉబ్బిపోయి ఉన్నాయి, గొంతు పూడుకుపోయి మాట పీలగా వస్తోంది. డాక్టరుగారు వెంటనే ఇంజెక్షన్ చేశారు. నాలుగు గంటలు మంచం మీదే ఉంచారు. వాపు దిగింది. ఇప్పుడు బాగానే ఉంది. బాగానే ఉంది.

కాస్త తేరుకున్నాక ఆయన అడిగారు, “ఏం తిన్నారమ్మా?”

“కర్బూజా అండీ. రోజూ తింటున్నాను. అమ్మాయి చెప్పినట్టే. ఒక్క పూట కూడా మానలేదు.”

అందరం వదిన వైపు తిరిగాం.

నేనేమన్నానో కూడా రాయాలి. “గోడ మీద రాసి అంటించానండీ. ఏం చెయ్యను, మా ఇంట్లో ఉన్నవాళ్లు ఇలాంటివాళ్లు,” అన్నాను. నర్సు ఉంది, వెయిటింగులో ఆరేడుగురు ఉన్నారు. వదిన అమ్మ చెప్పుల జత చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

భయం వేసింది, నిజం. కానీ ఆ భయంలోనే ఎక్కడో ఒక మూల, చిక్కింది అనిపించింది. అది కూడా నిజమే.

సెప్టెంబరు 12

“నేను అడిగాను కదా మరదలా,” అంది వదిన.

“చార్టు చూడమన్నాను.”

“చూశాను.”

“చూస్తే చాలదు. బుర్ర ఉండాలి.”

వదిన సూదిని చొక్కాకి గుచ్చి పక్కన పెట్టింది. “నాకు లేదనే కదా నువ్వు గోడకి ఒక బుర్ర అంటించావు. ఆ బుర్ర చెప్పిందే చేశాను.”

అప్పుడు నేనన్నాను, “ఇవాళ్టి నుంచి మా అమ్మకి నువ్వేమీ పెట్టక్కర్లేదు.”

మా అమ్మకి అన్నాను. అన్నయ్య విన్నాడు. అమ్మ కళ్లు మూసుకుని పడుకుంది, విందో లేదో.

సాయంత్రానికల్లా వదిన తన బట్టలు సర్దుకుని వాళ్ల అక్కగారింటికి వెళ్లిపోయింది. దింపి వచ్చాక అన్నయ్య నాతో అన్నాడు, “పై ఊరి డిపోలో పర్మనెంటు చేస్తాం, రమ్మని రెండు నెలలుగా అడుగుతున్నారు. అత్తయ్యని వదిలి ఎలా వెళ్తాం అని అదే వద్దంది. ఇప్పుడు ఇంకెవరి కోసం వద్దనమంటావే?”

ఇరవై ఐదో తేదీకల్లా వాళ్లకి ఏదో ఒకటి చెప్పాలట.

సెప్టెంబరు 13

ఇల్లు ప్రశాంతంగా ఉంది.

సెప్టెంబరు 14

ప్రశాంతంగానే ఉంది. క్లినిక్‌కి సెలవు పెట్టాను. అమ్మకి తల దువ్వాను. “చిక్కు లాగకే,” అంది రెండుసార్లు. కమలా వొలిచి, తొనల మీది తెల్ల ఈనెలు కూడా తీసి పెట్టాను. “అక్కడ పెట్టు,” అంది. పొద్దుపోయేసరికి తొనలు ఎండిపోయాయి. పెరుగు ముట్టలేదు. రెండు ముద్దల అన్నం తింది.

“అమ్మాయ్,” అని పిలిచింది ఒకసారి. వెళ్లాను. నన్ను చూసి, “ఏం లేదులే,” అంది.

తుమ్ములు మూడే. కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. పుప్పొడి.

సెప్టెంబరు 15

కొత్త చార్టు చేశాను. ఈసారి ఇంకా పెద్ద బొమ్మలు, ఇంకా కొన్ని రకాలు. చిలగడదుంప, క్యాప్సికం, వేరుశనగలు. అన్నింటికీ టిక్కులే. ఇంటూలు పాత మూడే. అమ్మ ముందు పరిచాను.

అమ్మ చాలాసేపు చూసింది. “ఇదేంటే, ఇన్నిటికి కోత పెట్టేశావు? ఇంటూలు మూడే ఉన్నాయి. మనిషి ఏం తిని బతకాలి? ఆ మూడూ తింటే మూతి వాచింది కూడానూ.”

“ఇంటూలు తినకూడనివి అమ్మా.”

“పోవే! ఇంటూ మనది కదా. టిక్కు అయిపోయినవాటికి కదా.”

అప్పుడు తెలిసింది. అంతా ఒక్కసారి.

గోదాములో నాన్న జట్టు మోయాల్సిన బస్తాల మీద సుద్దముక్కతో ఇంటూ వేసేవారు. ఇంటూ అంటే మనది, తీసుకో. పని అయిపోయినవాటి మీద మేస్త్రీ టిక్కు కొట్టేవాడు. టిక్కు అంటే ఇక మనది కాదు, ముట్టుకోవద్దు. ఇంట్లో కూడా అంతే. నాన్న పళ్లెం అడుగున ఇంటూ. నాన్న గొడుగు పిడికి ఇంటూ. మా ఇంటి తలుపు వెనక ఇప్పటికీ ఉంది. ఆ ఇంట్లోనే పుట్టి పెరిగాను నేను.

ఇంకో సంగతి ఉంది. దాన్ని కూడా రాయాలి. ఒకటో తరగతిలో మొదటి పరీక్ష. అయిదు లెక్కలకి అయిదు తప్పులు. అయిదు ఎర్ర ఇంటూలతో కాగితం ఇంటికి తెచ్చాను. నాన్న ఆ కాగితం గోదాముకి పట్టుకెళ్లి జట్టు మొత్తానికి చూపించాడు. “మా అమ్మాయికి అయిదుకి అయిదూ వచ్చాయి,” అని. మర్నాడు బడిలో టీచరుగారు చెప్పాక నాకు తెలిసింది ఇంటూ అంటే ఏమిటో. ఇంటికొచ్చి చెప్పలేదు. నాన్న చిన్నబోతాడనే చెప్పలేదని ఇన్నాళ్లూ అనుకున్నాను. కాదు. నాన్నని చూసి నాకే సిగ్గేసింది. ఆ తర్వాత బడి సంగతి ఏదీ ఈ ఇంట్లో చెప్పలేదు నేను. చెప్పకుండానే చదివేశాను.

వదినకి ఆ గుర్తులు నేర్పింది అమ్మ.

“మరి క్లినిక్‌లో అమ్మాయి చెప్పినట్టే అన్నావు కదా,” అని అడిగాను.

“నువ్వే. డాక్టరుగారి ముందు నిన్ను మేడం అంటే ఆయన నవ్వరూ?”

“మరి కమలాపళ్లు?”

“చార్టులో వాటికి టిక్కు కొట్టావు కదా, నీ పేషెంట్లకేమో అనుకున్నాం. ముట్టలేదు.”

సెప్టెంబరు 16

ఏ గుర్తుకి ఏ అర్థమో చార్టు కింద స్పష్టంగా రాసే ఉంది. నా తప్పేమీ లేదు.

మధ్యాహ్నం

ఆ కింది వరస ఎవరు చదవాలని రాశాను?

సాయంత్రం

రెండు చార్టులూ చించేస్తే ఎవరికీ తెలియదు. అమ్మ అసలు సంగతి ఇంకా గ్రహించలేదు. వదినకి తెలియదు, తప్పు తనదేమో అనుకుంటూ ఉంటుంది. వాళ్లు పై ఊరు వెళ్తారు. పర్మనెంటు ఉద్యోగం, వాళ్లకి కూడా మంచిదే. ఇంట్లో అమ్మా, నేనూ. చిన్నప్పట్లాగా.

ఇది నేను రాసిన మాటే. కొట్టెయ్యను. చదువుకున్నదాని అక్షరాలు ఎంత గుండ్రంగా ఉన్నాయో!

సెప్టెంబరు 17

అమ్మకి చెప్పాను. లోకమంతా ఇంటూ అంటే తప్పు అమ్మా, టిక్కు అంటే ఒప్పు, అని. చార్టు పెట్టి ఒక్కొక్కటీ చూపించాను.

అమ్మ ఒక ఎర్ర ఇంటూ మీద వేలు పెట్టింది. తర్వాత అంది, “అయితే మీ నాన్న ముప్పై ఏళ్లూ తప్పులే మోశాడా?”

నవ్వబోయాను, నవ్వు రాలేదు. అమ్మే నవ్వింది. నవ్వి తుమ్మింది. తుమ్మి ఏడ్చింది.

“ఆ పిల్ల నన్ను రోజూ అడిగేది. అత్తయ్యా, దురద పెడుతోంది కదా, మానేద్దాం అనేది. నేనే ఒప్పుకోలేదు. నా కూతురు చదువుకుని గీసింది, దాని మాట దాటను అన్నాను. నిన్ను తక్కువ చేస్తే నువ్వు నొచ్చుకుంటావని మూతి వాచేదాకా తిన్నానే!”

నా కోసం తింది. అమ్మ నా కోసం ఏమీ చెయ్యడం లేదని నేను ఈ పుస్తకం నింపుతున్న రోజుల్లోనే.

అన్నయ్యకి కూడా చెప్పాను. కొడతాడేమో అనుకున్నాను. “నాకెందుకు చెప్తావు? మాట పడింది నేనా?” అన్నాడు.

సెప్టెంబరు 18

డాక్టరుగారికి చెప్పాను, ఆ రోజు తప్పు మా వదినది కాదని. నర్సుని కూడా పిలిచి ఆమె ముందు చెప్పాను. ఆయన కంగారుపడ్డారు. “మన కరపత్రాల మీద ఉన్నవీ ఇవే గుర్తులు కదమ్మా! ఎంతమంది ఎలా తింటున్నారో!” అన్నారు. రోజంతా వచ్చినవాళ్లందరినీ ఒక్కొక్కరినీ అడిగాను. ఒక ముసలమ్మ, వేలిముద్ర వేసే మనిషి, నన్ను ఎగాదిగా చూసింది. “ఇంటూ అంటే వద్దనే కదమ్మా. ఆ మాత్రం తెలియదా? ఇదేనా నువ్వు చదివిన చదువు?”

అందరికీ తెలుసు. మా ఇంట్లో తప్ప. మా ఇంటికి సరిపడా చార్టు చెయ్యగలిగినదాన్ని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే. నేనే చెయ్యలేదు.

వదిన ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. నాలుగుసార్లు చేశాను.

సెప్టెంబరు 19

ఆదివారం. అన్నయ్య భోజనం అయ్యాక వదిన దగ్గరికి వెళ్తాడు. అతని చేతికి ఉత్తరం ఇస్తాను. ముందు ఇక్కడ రాసుకుని, తర్వాత మంచి కాగితం మీద ఎక్కిస్తాను.

వదినా,

ఇది మీ బావగారు నీకు చదివి వినిపించాలి. మీ అక్క, పిల్లలు, ఇంకా ఎవరుంటే వాళ్లు అందరూ ఉన్నప్పుడే చదవమను. నేను నిన్ను అన్నది నలుగురిలో. ఇది కూడా నలుగురిలోనే వినిపించాలి.

అమ్మకి ఒళ్లు బాగాలేకపోవడానికి కారణం నువ్వు కాదు. నా చార్టు. మన ఇంట్లో ఇంటూ అంటే ఏమిటో నీకు తెలుసు, ఏడాదిన్నరలో నేర్చుకున్నావు. నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు, తెలిసీ మరిచిపోయాను. నువ్వు గోడ చెప్పిందే చేశావు. గోడ తప్పు చెప్పింది. ఆ తప్పు కనిపెట్టింది కూడా నువ్వొక్కదానివే. పెదవులు దురద అని రెండుసార్లు నన్ను అడిగావు. మొదటిసారి బస్సు వంకతో వినలేదు. రెండోసారి బస్సు లేదు, అయినా వినలేదు. చదువు రాని నువ్వు మనిషి ముఖం చూసి చెప్పావు, చదువుకున్న నేను కాగితం చూడమన్నాను.

ఎందుకు వినలేదో కూడా చెప్తాను. నాకు నువ్వంటే అసూయ. ఇప్పటికీ ఉంది. ఈ ఉత్తరంతో పోతుందని అబద్ధం చెప్పను. అమ్మ నీతో నవ్వినట్టు నాతో నవ్వదు. దానికి నువ్వు చేసిన నేరమేమీ లేదు, నేను నవ్వించలేదు, అంతే. నువ్వు వచ్చాక నేను మారిపోయి ఉంటానని అనుకోకు. మూతి ముడుచుకుంటాను, బయటికి వెళ్లిపోతాను, సాయంత్రానికి వస్తాను. కానీ నువ్వు ఏదైనా అడిగితే నిలబడి వింటాను. అది చెయ్యగలను.

అమ్మకి నేను వంట చేసి పెడుతున్నాను. తినడం లేదు. నీ కోసం రమ్మంటున్నానా, అమ్మ కోసమా అని నువ్వు అడగొచ్చు. మొదట అమ్మ కోసమే. రెండోది నాకు ఇంకా సరిగ్గా తెలియదు. వచ్చి చూడు.

అన్నయ్య డిపోవాళ్లకి ఇరవై ఐదున చెప్పాలి. నువ్వు వెళ్దామంటే వెళ్తాడు, వద్దంటే ఉంటాడు. వెళ్లడమే మంచిదని నీకు అనిపిస్తే వెళ్లండి, నేను అడ్డు చెప్పను. కానీ నా మీది కోపంతో వెళ్లకండి. కోపం ఉంటే నా మీద తీర్చుకుని వెళ్లండి.

గురువారం, ఇరవై మూడో తేదీ సాయంత్రం లోపు ఫోను చెయ్యి. అన్నయ్యకి కాదు, నాకు. వస్తానంటే బస్‌స్టాండ్‌కి వస్తాను. రానంటే, ఆ మాట నీ నోటితో నాకే చెప్పు. తిట్టాలనుకుంటే అప్పుడే తిట్టు, మధ్యలో ఫోను పెట్టెయ్యను. ఇరవై మూడో తేదీ, వదినా.